కేసముద్రం లూపులో ఏ బండి నిలబెట్టాలి? హెచ్‌ఓ నమూనా రైలు లేఅవుట్‌కు రైళ్ల ఎంపికలో మీ సలహా కావాలి

కేసముద్రం_లూపులైను (హనుమకొండ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మేడ మీద గది ఖాళీ అయింది. పొడవు 14 అడుగులు, వెడల్పు 10. చాలాకాలంగా కూడబెట్టిన డబ్బుతో నమూనా రైళ్ల కోసం ప్లైవుడ్, హెచ్‌ఓ (అసలు కొలతలో 87వ వంతు) పట్టాలు, ఒక్కో ఇంజనును విడిగా నడిపే డీసీసీ కంట్రోలర్ కొన్నాను. గోడల వెంట చుట్టూ బల్లలు వేయించాను. గుమ్మం దగ్గర ఎత్తి పక్కన పెట్టుకునే పలక ఉంది. పట్టాలు ఇంకా బిగించలేదు, ఊరికే పరిచి చూసుకుంటున్నాను.

ఇక్కడి దాకా ఉత్సాహంగా సాగింది. ఏ రైళ్లు తిప్పాలన్న దగ్గర ఆగిపోయాను. నా కాగితం మీద ఉన్న పేర్లు ఇవి: వందే భారత్, కొత్త రకం ఎర్ర ఎల్‌హెచ్‌బీ పెట్టెలతో తెలంగాణ ఎక్స్‌ప్రెస్, డబ్ల్యూడీఎం-2 డీజిల్ వెనక పాత ప్యాసింజర్, బొగ్గు గూడ్సు, పొగబండి డబ్ల్యూపీ. ఇవన్నీ నాకు ప్రాణమే. డబ్బు మాత్రం మూడు రైళ్లకు మించి రాదు. స్టేషను కాజీపేట జంక్షన్ చేద్దామని ఉంది. మీరైతే దేనితో మొదలుపెడతారు? దేన్ని వదులుకుంటారు?

పట్టా_16.5 (కరీంనగర్)

బండి కొనే ముందు మలుపు కొలవండి. నా మొదటి లేఅవుట్‌లో ఈ పని చేయక రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ఎల్‌హెచ్‌బీ పెట్టె కప్లింగుల నడుమ దాదాపు 24 మీటర్లు. 87తో భాగిస్తే హెచ్‌ఓలో 27.6 సెంటీమీటర్లు వస్తుంది. పాత ఐసీఎఫ్ పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, అంటే 25.6 సెంటీమీటర్లు. బొగ్గు మోసే బాక్స్ఎన్ వ్యాగన్ 10.7 మీటర్లే, హెచ్‌ఓలో 12.3 సెంటీమీటర్లు. ఎక్కువ మంది వాడే లెక్క ఏమిటంటే, మలుపు వ్యాసార్ధం మీ పొడవైన పెట్టెకు కనీసం రెండున్నర రెట్లుంటే బండి పడిపోకుండా నడుస్తుంది, మూడు రెట్లుంటే చూడటానికి బాగుంటుంది. ఎల్‌హెచ్‌బీకి 69 సెంటీమీటర్లు కనీసం, 83 అయితే మేలు. ఐసీఎఫ్‌కు 64తో పని జరుగుతుంది. బాక్స్ఎన్‌కు ఈ బెంగే లేదు.

మీ మూలల్లో ఎంత వస్తుంది?

కేసముద్రం_లూపులైను

70 సెంటీమీటర్లు ఇవ్వగలను. అంతకు మించితే కిటికీకి అడ్డం వస్తుంది.

పట్టా_16.5

అయితే ఐసీఎఫ్ హాయిగా తిరుగుతుంది. ఎల్‌హెచ్‌బీ తిరుగుతుంది కానీ, మలుపులో పెట్టె మధ్యభాగం లోపలికి, చివర్లు బయటికి పొడుచుకొస్తాయి. పక్క లైను మీద వేరే బండి ఉంటే రెండూ రాసుకుంటాయి. మలుపుల్లో రెండు లైన్ల మధ్య దూరం పెంచుకోవాలి.

ఇంకొకటి ముందే చెప్పడం మంచిది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. 1:87లో అది 19.3 మిల్లీమీటర్లు కావాలి. మనం వాడే హెచ్‌ఓ పట్టా 16.5, విదేశీ స్టాండర్డ్ గేజ్ కోసం చేసినది. అందుకే మన పెట్టెలు పట్టాల మీద కాస్త ఎక్కువ వెడల్పుగా కనిపిస్తాయి. చాలా మంది దీన్ని ఒప్పుకొని ముందుకు పోతారు. నేనూ ఒప్పుకున్నాను, నా పేరు అక్కడి నుంచే వచ్చింది.

త్రీడీ_కుర్రాడు (నిట్ హాస్టల్, వరంగల్)

అన్నా, నా ఓటు వందే భారత్‌కే. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరి 15న మొదలైంది, వరంగల్‌లో ఆగుతుంది. ఇప్పుడు ఈ లైను మీద పిల్లలు చేయి ఊపేది దానికే. రైలు ప్రేమ అనగానే మనం పొగబండి, డీజిల్ అంటూ వెనక్కి వెళ్లిపోతాం. కళ్ల ముందున్నదాన్ని ఎవరు నమూనా చేస్తారు?

ఇంజను విడిగా ఉండదు కాబట్టి మోటారు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. అసలు బండిలోనూ పెట్టెల్లో సగం మోటారు పెట్టెలే. హెచ్‌ఓలో మధ్యలో ఒక పెట్టెకు మోటారు పెడితే ఆరు పెట్టెల బండి సులువుగా లాగుతుంది. ముక్కు భాగం త్రీడీ ప్రింటర్ మీద నేను గీసి ఇస్తాను. ముందు అద్దం వంపు మూడుసార్లు తప్పి నాలుగోసారి కుదిరింది, ఇప్పుడు ఫైలు సిద్ధంగా ఉంది.

రిటైర్డ్_లోకో (కాజీపేట)

ముందు స్టేషను తేల్చుకో బాబూ. తర్వాత సంవత్సరం తేల్చుకో. ఆ రెండూ తేలితే నీ కాగితం మీద సగం బండ్లు వాటంతట అవే పోతాయి.

నేను కాజీపేట నుంచే ఉద్యోగం చేశాను. నా షెడ్డు, నా ఊరు. అయినా నీ గదికి కాజీపేట వద్దంటాను. కాజీపేట అంటే త్రిభుజం. పడమట సికింద్రాబాద్ లైను, ఉత్తరాన బల్హార్షా లైను, తూర్పున వరంగల్ మీదుగా విజయవాడ లైను. ఢిల్లీ నుంచి చెన్నై పోయే బండ్లు చాలా వరకు కాజీపేట ప్లాట్‌ఫారం ముఖం చూడకుండా బైపాస్ మీద వరంగల్ వెళ్లిపోతాయి. సికింద్రాబాద్ వైపు వెళ్లేవి మా స్టేషనుకు వస్తాయి. డీజిల్ షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు, యార్డు, ఇన్నీ కలిస్తేనే కాజీపేట. నీ గదిలో ఒక మూల కూడా పట్టదు. ముక్క కోసి పెడితే అది కాజీపేట కాదు.

పట్టా_16.5

సార్ చెప్పినదానికి విద్యుత్ కోణం కూడా ఉంది. త్రిభుజం గుండా తిరిగిన బండి తల అటూ ఇటూ మారుతుంది. రెండు పట్టాల విద్యుత్తులో ఎడమ పట్టా వచ్చి కుడి పట్టాకు తగులుతుంది, షార్ట్ అవుతుంది. ఒక భుజాన్ని రెండు చివరలా విడగొట్టి, విద్యుత్తును తానే తిరగేసే ఆటో రివర్సర్ పెట్టాలి. ఆ విడగొట్టిన ముక్క మీ అతి పొడవైన బండి కంటే పొడవుండాలి. మొదటి లేఅవుట్‌కు ఇది భారం.

కేసముద్రం_లూపులైను

పెద్దాయన మాట చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. నా ఖాతా పేరులోనే జవాబు ఉంది, నాకే తట్టలేదు.

అమ్మమ్మ వాళ్లది కేసముద్రం. 1990ల చివర్లో వేసవి సెలవులంటే అక్కడే. స్టేషను దగ్గర వేపచెట్టు కింద కూర్చునేవాళ్లం. మెయిన్ లైను పక్కన బండి ఆగే లూపులైన్లో గూడ్సు ఉండేది. ఎంతసేపటికీ కదిలేది కాదు. చివర బ్రేక్ వ్యాన్ మెట్ల మీద గార్డు కూర్చుని టిఫిను డబ్బా విప్పుకునేవాడు. అంతలో పట్టాలు సన్నగా పాడటం మొదలుపెట్టేవి. గూడ్సు అడ్డంగా ఉంది కాబట్టి మెయిన్ లైను మాకు కనిపించదు. ఒక వ్యాగన్‌కీ ఇంకో వ్యాగన్‌కీ నడుమ జానెడో మూరెడో అనిపించే సందు. ఆ సందులోంచి ఢిల్లీ–చెన్నై జీటీ ఎక్స్‌ప్రెస్ ముక్కలు ముక్కలుగా పోయేది. కిటికీ, కిటికీ, తలుపు, ఒక చేయి, మళ్లీ కిటికీ. దుమ్ము లేచి కళ్లలో పడేది. బండి పోయాక గూడ్సు ముందు సిగ్నల్ పడేది.

నాకు కావలసింది అదే. గదిలో కూర్చుంటే ఆ సందులోంచి జీటీ కనిపించాలి. స్టేషను కేసముద్రం, సంవత్సరం 1998 వేసవి. ఇప్పుడు చెప్పండి, ఏ బండ్లు?

రిటైర్డ్_లోకో

ఇదీ మాట. ఇప్పుడు పని సులువైంది.

డోర్నకల్–కాజీపేట మధ్య కరెంటు తీగలు 1987–88లో వచ్చాయి. కాబట్టి 1998 కేసముద్రంలో పొగబండి లేదు. డబ్ల్యూపీని కాగితం మీంచి కొట్టెయ్. బాధగా ఉంటుంది, తెలుసు.

మెయిన్ లైను మీద ఎక్స్‌ప్రెస్‌లకు ఆ రోజుల్లో డబ్ల్యూఏఎం-4, డబ్ల్యూఏపీ-4 కరెంటు ఇంజన్లు రెండూ తిరిగేవి. జీటీకి డబ్ల్యూఏపీ-4 పెట్టుకో. గూడ్సుకు డబ్ల్యూఏజీ-5 గానీ డబ్ల్యూఏజీ-7 గానీ. ఇక ప్యాసింజర్‌కు నీ డబ్ల్యూడీఎం-2 చక్కగా సరిపోతుంది. తీగల కింద డీజిల్ ఏమిటని ఎవరైనా అడిగితే కారణం చెప్పు: డోర్నకల్ నుంచి కొత్తగూడెం, మణుగూరు వైపు వెళ్లే కొమ్మ లైనుకు అప్పటికి తీగలు లేవు. ఆ ప్యాసింజర్ డోర్నకల్‌లో ఇంజను మార్చుకోకుండా నేరుగా వెళ్లాలంటే డీజిలే ఉండాలి.

ఆ డబ్ల్యూడీఎం-2 గురించి ఒక్క మాట. 2600 గుర్రపు శక్తి, అమెరికా ఆల్కో నమూనా, వారణాసిలో 1964 నుంచి తయారైంది. నమూనా కొనేటప్పుడు డ్రైవరు గదికి అటూ ఇటూ ఉండే పొట్టి ముక్కు, పొడవు ముక్కు తేడా చూసుకో. పొడవు ముక్కు ముందు పెట్టి నడిపితే మాకు బాయిలర్ వెనక నుంచి తొంగి చూసినట్టే ఉండేది. సిగ్నల్ కోసం మెడ బయటికి చాచి చాచి నొప్పి పుట్టేది. నీ గదిలో ఒక రోజు అలా, ఒక రోజు ఇలా తిప్పు.

నల్లబంగారం (గోదావరిఖని)

గూడ్సు మాటకు వచ్చారు కాబట్టి నేను చెప్పాల్సింది ఉంది. చాలా మంది ఎక్స్‌ప్రెస్ మీద డబ్బంతా పోసి, మిగిలిన చిల్లరతో ఆరు వ్యాగన్లు కొంటారు. మన ప్రాంతంలో రైలు అంటే ముందు బొగ్గు. తమ్ముడు చూడాలనుకున్న దృశ్యంలో కూడా ఎక్కువసేపు కనిపించేది గూడ్సే, జీటీ అర నిమిషం ఉండి పోతుంది. కాబట్టి మంచి డబ్బు వ్యాగన్ల మీద పెట్టండి.

వ్యాగన్ రకం దగ్గర పొరపాటు చేయకండి. రామగుండం ఎన్టీపీసీకి గనుల నుంచి తిరిగే సొంత లైను బండ్లలో అడుగు తెరుచుకునే వ్యాగన్లు ఉంటాయి, కేంద్రం లోపల కదులుతూనే బొగ్గు కింద పోసేస్తాయి. అవి మీ కేసముద్రానికి రావు. అక్కడ మీకు కావలసింది బాక్స్ఎన్, పైన తెరిచి ఉండే పెట్టె. దాన్ని ఖాళీ చేయాలంటే టిప్లర్ యంత్రం వ్యాగన్‌ను పట్టుకొని మొత్తంగా బోర్లిస్తుంది. టిప్లర్ పట్టు గీతలు, అంచుల దగ్గర వంకర్లు, గోకుడు, తుప్పు, ఇవన్నీ బాక్స్ఎన్ ముఖం మీద ఉండాలి. కొత్తగా మెరిసే బాక్స్ఎన్ నేను నా జీవితంలో ఎప్పుడో గానీ చూడలేదు.

దిక్కు కూడా చూసుకోవాలి. రామగుండం, మంచిర్యాల వైపు నుంచి దక్షిణానికి వచ్చేది లోడు బండి. ఉత్తరానికి వెళ్లేది ఖాళీ. మీది చుట్టు తిరిగే లైను కాబట్టి లోడు బండే ఎప్పుడూ తిరుగుతుంటే అర్థం ఉండదు. థర్మకోల్ ముక్కను వ్యాగన్ కొలతకు కోసి, పైన నల్లరంగు వేసి, అసలు బొగ్గును నలగ్గొట్టి జల్లెడ పట్టి తెల్ల జిగురుతో అతికించండి. అడుగున ఇనుప ముక్క పెడితే అయస్కాంతంతో ఒక్క క్షణంలో పైకి తీయొచ్చు. సాయంత్రం దక్షిణానికి లోడు, తర్వాత బొగ్గు తీసేసి ఉత్తరానికి ఖాళీ. బొగ్గు కావాలంటే నేను పంపిస్తాను. గుప్పెడు చాలు, మీ జీవితానికి సరిపోతుంది.

మీటర్‌గేజ్_ఇందూరు (నిజామాబాద్)

డబ్ల్యూపీని కొట్టేశారు. నా గుండె కలుక్కుమంది. అది ఉన్న కాలం కావాలంటే సంవత్సరాన్ని వెనక్కి జరపాలి. తీగలు, స్తంభాలు పీకేయాలి. లేఅవుట్ మొత్తం మారిపోతుంది, అది నాకూ తెలుసు. అయినా మా నిజామాబాద్ వైపు మనసు లాగిన వాళ్లెవరైనా ఈ చర్చ చదువుతుంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

సికింద్రాబాద్–మన్మాడ్ లైను ఒకప్పుడు మీటర్‌గేజ్. బ్రాడ్‌గేజ్ చేసేవాళ్లకు పట్టా వెడల్పు తప్పుతుందని పైన రాశారు. మీటర్‌గేజ్‌కు ఆ బాధ లేదు. 1000 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 11.5. ఐరోపాలో హెచ్‌ఓఎం పేరుతో 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది. దాదాపు అచ్చు గుద్దినట్టే. పెట్టెలు పొట్టివి, మలుపులు చిన్నవి, చిన్న గది చాలు. వైపీ తరగతి పొగబండి ఒకటి, నాలుగు పెట్టెలు, ఒక మట్టి ప్లాట్‌ఫారం. ఒక తలుపు రెక్క మీద కట్టొచ్చు. నేను అలాగే కట్టాను.

కేసముద్రం తమ్ముడికి మాత్రం పెద్దాయన మాటే నా మాట.

త్రీడీ_కుర్రాడు

అందరూ కలిసి వందే భారత్‌ను చంపేశారు! గౌరవంతోనే అడుగుతున్నాను, అన్న చిన్నప్పుడు జీటీ చూసినట్టే ఇప్పుడు కేసముద్రంలో ఒక పిల్లవాడు వందే భారత్ చూస్తున్నాడు కదా. వాడిది జ్ఞాపకం కాదా?

పెద్దపల్లి_అమ్మ (పెద్దపల్లి)

కుర్రాడి ప్రశ్న సరైనదే. మా బాబుకు ఎనిమిదేళ్లు. వాడికి పొగబండి కథల్లోదే, డీజిల్ అంటే పాత సామాను. వాడి కోసం మొదలుపెట్టిన లేఅవుట్ మాది, నాలుగు అడుగులకు ఎనిమిది అడుగుల ప్లైవుడ్. వాడు అడిగింది వందే భారత్. మొదటి నెల దానితో సంబరం. రెండో నెల నుంచి వాడికే విసుగొచ్చింది. ఎందుకో గమనించాను. ఆ బండి విడదీయడానికి లేదు. పెట్టె వదలడం, ఇంకొకటి తగిలించడం, ఇంజను చుట్టూ తిప్పుకొచ్చి ఇటు కట్టడం ఏమీ కుదరదు. తిరుగుతుంది, ఆగుతుంది, అంతే. తర్వాత ఒక చిన్న డీజిల్, నాలుగు వ్యాగన్లు కొన్నాం. ఇప్పుడు వాడు స్కూలు నుంచి రాగానే గంట షంటింగ్ చేస్తాడు. నేను సిమెంటు ఎక్కడ దించాలో, బియ్యం ఎక్కడికి పోవాలో చీటీ రాసిస్తాను. వాడు ఆ చీటీ ప్రకారం వ్యాగన్లు పెడతాడు.

వందే భారత్‌ను వద్దనను. మొదటి బండిగా వద్దంటాను.

బరువు గురించి ఎవరూ రాయలేదు. నేను ఒక అంగడి నుంచి ప్రింటు చేసిన పెట్టెలు తెప్పించుకుంటే దూదిలా ఉన్నాయి, ప్రతి మలుపులో పడిపోయాయి. తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. అమెరికా మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు హెచ్‌ఓకు ఇలా ఉంది: ఒక ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. ఆ లెక్కన బాక్స్ఎన్ 97 గ్రాములు, ఐసీఎఫ్ పెట్టె 170 గ్రాములు ఉండాలి. టైరు పంక్చర్ షాపులో చక్రం బ్యాలెన్సింగ్‌కు వాడే అంటుకునే బరువు ముక్కలు అడిగి తెచ్చుకుని పెట్టెల లోపల అడుగున అతికించాను. ఒక్కటీ పడలేదు తర్వాత.

కేసముద్రం_లూపులైను

అక్కా, టైరు బరువుల సంగతి బంగారం లాంటి మాట. రేపే తెస్తాను.

కొలతలు వేసుకున్నాను. పొడవాటి గోడ వెంట మలుపులు పోగా రెండున్నర మీటర్లకు కొంచెం తక్కువగా తిన్నని పట్టా వస్తుంది. రెండు చివరలా పట్టా చీలే పాయింట్లు పోగా లూపులో బండి నిలబడే చోటు రెండు మీటర్లు. డబ్ల్యూఏజీ-7 ఇరవై మూడున్నర సెంటీమీటర్లు, 12 బాక్స్ఎన్‌లు ఒకటిన్నర మీటరుకు కొంచెం తక్కువ, బ్రేక్ వ్యాన్. సరిగ్గా పడుతుంది. జీటీకి ఏడు ఐసీఎఫ్ పెట్టెలు, డబ్ల్యూఏపీ-4 కలిపి రెండు మీటర్లు. ప్యాసింజర్‌కు నాలుగు పెట్టెలు చాలు. ఎదురుగోడ వైపు తక్కువ ఎత్తు అట్ట అడ్డం పెట్టి, వెనక మూడు దాపుడు లైన్లు. బండ్లు అక్కడ వేచి ఉంటాయి.

అసలు జీటీకి ఇరవైకి పైగా పెట్టెలు. ఏడే పెడితే వెలితిగా ఉంటుందా?

రిటైర్డ్_లోకో

ఉండదు. గూడ్సు సందుల్లోంచి చూసేవాడు పెట్టెలు లెక్కపెట్టడు. గూడ్సు కంటే ఎక్స్‌ప్రెస్ పొడవుగా ఉండాలి, ఎక్స్‌ప్రెస్ కంటే ప్యాసింజర్ పొట్టిగా ఉండాలి. ఆ వరస తప్పకపోతే కన్ను నమ్ముతుంది. నీ లెక్కలో జీటీ, గూడ్సు దాదాపు సమానంగా ఉన్నాయి. ఒక వ్యాగన్ తీసెయ్, పదకొండు పెట్టు.

పట్టా_16.5

వేగం కూడా అంతే ముఖ్యం. గూడ్సు 60 కిలోమీటర్ల వేగం అంటే హెచ్‌ఓలో సెకనుకు 19 సెంటీమీటర్లు. జీటీ 110 అంటే సెకనుకు 35. మీ చుట్టు దాదాపు 12 మీటర్లు ఉంటుంది కాబట్టి గూడ్సు ఒక చుట్టుకు నిమిషం పైన, జీటీ అర నిమిషం పైన తీసుకోవాలి. గడియారం పెట్టుకొని చూడండి. కొత్తవాళ్లందరూ దీనికి రెట్టింపు వేగంతో తిప్పుతారు. ఇంజను లోపలి డీకోడర్ చిప్‌లో సీవీ 3 అనే అమరిక వేగం అందుకునే తీరును, సీవీ 4 తగ్గే తీరును నియంత్రిస్తాయి. గూడ్సు ఇంజన్‌కు రెండూ బాగా పెంచండి.

రిటైర్డ్_లోకో

ఆ సీవీలేమిటో నాకు తెలియవు గానీ, లోడు గూడ్సు కదలడం ఎలా ఉంటుందో చెబుతాను. మీరు దాన్ని బట్టి తిప్పుకోండి.

సిగ్నల్ పడింది. బ్రేకు వదిలాం. గాలి చివరి వ్యాగన్ దాకా అందాలి, దానికి సమయం పడుతుంది. తొందరపడితే చక్రం జారుతుంది, ఇంకా తొందరపడితే కప్లింగ్ తెగుతుంది. మొదటి నాచ్ (శక్తి పెంచే మెట్టు) పెట్టి ఆగుతాం. ఇంజను కొంచెం ముందుకు వాలుతుంది. మొదటి కప్లింగ్ బిగుస్తుంది, రెండోది, మూడోది. ఆ చప్పుడు మన దగ్గర మొదలై వెనక్కి పరుగెత్తుతుంది, దూరంగా వెళ్లి వెళ్లి వినపడకుండా పోతుంది. అప్పుడు తెలుస్తుంది బండి మొత్తం మన చేతికొచ్చిందని. అప్పుడు రెండో నాచ్. మనిషి నడక వేగానికి రావడానికే ఎంతోసేపు.

ఇంకో మూడు చిన్న సంగతులు. ఇంజను పైన తీగను తాకే రెండు పాంటోగ్రాఫుల్లో నడిచేటప్పుడు మామూలుగా వెనకదే లేపుతాం, విరిగితే ముందుదానికి తగలకుండా. బొమ్మల్లో రెండూ లేపి తిప్పుతుంటారు, చూస్తే మనసు ఒప్పదు. చివరి వాహనానికి ఎల్‌వీ (లాస్ట్ వెహికల్) పలక ఉండాలి, రాత్రయితే ఎర్ర దీపం. అది లేకపోతే బండి మధ్యలో తెగిందని స్టేషను వాళ్లు అనుకుంటారు, లైను ఆపేస్తారు. మూడోది, లూపులో గూడ్సు ఆగినప్పుడు ఇంజను సిగ్నల్‌కు మరీ దగ్గరగా వెళ్లదు, సిగ్నల్ కనిపించేంత దూరంలో నిలబడుతుంది.

నల్లబంగారం

సార్, ఆ చప్పుడు పరుగెత్తడం చదువుతుంటే మా ఇంటి వెనక యార్డు వినిపించింది.

త్రీడీ_కుర్రాడు

ఒప్పుకున్నాను, 1998కి నా ఓటు. జీటీ పెట్టెల సంగతి నాకు వదిలేయండి. ఐసీఎఫ్ బాడీ నా దగ్గర ఉంది. రంగు ఏది? మెరూన్, నీలం రెండూ చూశాను ఫోటోల్లో.

రిటైర్డ్_లోకో

రెండూ వేయి. మెరూన్ నుంచి నీలానికి మారుతున్న రోజులవి. ఒకే బండిలో నాలుగు నీలం, మూడు మెరూన్ కనిపించినా ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు.

త్రీడీ_కుర్రాడు

అయితే ఒక కోరిక. తీగలు 1998లోనూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. స్టేషను అంతే ఉంచి బండ్లు మారిస్తే సంవత్సరం మారిపోతుంది కదా. అన్న మూడు రైళ్లూ పూర్తయ్యాక నాలుగో దాపుడు లైను ఒకటి ఖాళీగా ఉంచాలి. వందే భారత్ నేను తెచ్చి పెడతాను. బండి నాదే, ఆదివారం తిప్పుకొని తీసుకెళ్లిపోతాను.

కేసముద్రం_లూపులైను

తప్పకుండా తమ్ముడూ. నాలుగో లైనుకు చోటు ఉంచుతున్నాను. మా అమ్మాయికి ఆరేళ్లు, నీ బండి కోసం ఇప్పటి నుంచే అడుగుతోంది.

ఒక మార్పు చేశాను, అందరికీ చెప్పాలి. మామూలుగా మెయిన్ లైను చూసేవాడి వైపు, లూపు వెనక వేస్తారు. నేను తిరగేశాను. లూపు నా వైపు, మెయిన్ గోడ వైపు. బల్ల ఎత్తు కూడా పెంచాను, కుర్చీలో కూర్చుంటే కళ్లు వ్యాగన్ మధ్యకు వస్తాయి. బాక్స్ఎన్ బాడీకీ బాడీకీ నడుమ అసలు బండిలో 93 సెంటీమీటర్లు, హెచ్‌ఓలో ఒక సెంటీమీటరు పైన కొంచెం. చిన్నప్పుడు మూరెడనుకున్న సందు అసలు రెండు మూరలట. కప్లింగులు పొట్టివి వేసి ఆ కొలత తెచ్చుకోవాలి. అంగడిలో వచ్చిన కప్లింగులతో రెండు సెంటీమీటర్లు వస్తోంది, అప్పుడు జీటీ ఎక్కువగా కనిపించేస్తోంది.

పట్టా_16.5

అంత దగ్గరగా కడితే 70 సెంటీమీటర్ల మలుపులో వ్యాగన్ మూలలు తగలవచ్చు. ముందు రెండు వ్యాగన్లు మాత్రమే కట్టి నెడుతూ వెనక్కి తోసి చూడండి. లాగేటప్పుడు బాగానే ఉంటుంది, తోసేటప్పుడే తెలుస్తుంది.

కేసముద్రం_లూపులైను

*(మూడు నెలల తర్వాత)*

ఆలస్యానికి క్షమించండి. మే నెలలో మేడ మీద గదిలో పని సాగలేదు, ఆ ఎండకు బల్ల చెక్క కదిలి రెండు చోట్ల పట్టా కీలు వంగింది. కీళ్ల దగ్గర సందు వదలకుండా బిగించడం నా తప్పే. విప్పి మళ్లీ వేశాను.

నిన్న రాత్రి మొదటిసారి రెండు బండ్లు కలిసి తిరిగాయి. పదకొండు బాక్స్ఎన్‌లు, అందులో ఆరింటికి గోదావరిఖని బొగ్గు. ఒక్కొక్కటి 97 గ్రాములు తూకం వేశాను. తోసి చూస్తే మూలలు తగల్లేదు. కాజీపేట నుంచి పెద్దాయన ఆటోలో వచ్చారు. గూడ్సును లూపులోకి ఆయనే తెచ్చి నిలబెట్టారు. సిగ్నల్‌కు ఒక చేయి దూరంలో ఆపి, ఇంకా వెనక ఉండాలని మరో వేలెడు వెనక్కి జరిపారు. వెనక పాంటోగ్రాఫ్ ఒక్కటే లేపి ఉందో లేదో వంగి చూశారు.

నేను, అమ్మాయి కుర్చీలు లాక్కొని కూర్చున్నాం. దీపం తీసేసి గోడ దీపం ఒక్కటి ఉంచాం. తమ్ముడు చేసిన ఏడు పెట్టెల్లో ఐదే సిద్ధంగా ఉన్నాయి, మూడు నీలం, రెండు మెరూన్. జీటీ దాపుడు లైను నుంచి బయలుదేరింది. ముందు చప్పుడు, తర్వాత వ్యాగన్ల పైన పాంటోగ్రాఫ్, తర్వాత సందులో నీలం, నలుపు, నీలం, మెరూన్. అమ్మాయి కుర్చీలోంచి దిగి, తల పక్కకు వంచి, ఏడో సందుకు కన్ను ఆనించింది. "నాన్నా, అందులో మనుషులు లేరు" అంది.

కిటికీల్లో మనుషుల్ని పెట్టాలి. హెచ్‌ఓ కొలతలో కూర్చున్న మనుషులు ఎక్కడ దొరుకుతారో, కిటికీలోంచి ఒక చేయి బయటికి వచ్చేలా ఎలా చేయాలో ఎవరైనా చెప్పండి.

పెద్దపల్లి_అమ్మ

మా బాబు సన్నటి రాగి తీగతో చేతులు చేస్తాడు. తీగ చివర జిగురు చుక్క పెట్టి ఆరనిస్తే అరచేయి వస్తుంది. పైన గోధుమరంగు. పది చేతులు చేసి పెట్టమన్నాను, ఆదివారం తీసుకొస్తాం.